అయస్కాంతం ముంగిట అర్హత: ప్రభుత్వ వైద్యరంగంలో ఎంఆర్ఐ టెక్నాలజిస్టు

ప్రభుత్వాసుపత్రిలో ఎంఆర్ఐ స్కానింగ్ చేసే వ్యక్తికి ఏ అర్హత ఉండాలన్న ప్రశ్నకు ఉద్యోగ ప్రకటనలు రెండు మూడు పంక్తుల్లో సమాధానం చెబుతాయి: ఇంటర్మీడియట్, ఆపైన రేడియోగ్రఫీలో గానీ మెడికల్ ఇమేజింగ్‌లో గానీ డిప్లొమా లేదా డిగ్రీ, రాష్ట్ర పారామెడికల్ బోర్డులో నమోదు. ఈ సమాధానంలో తప్పేమీ లేదు గానీ, అది ప్రశ్నలో సగానికే సరిపోతుంది. అర్హత అనే ఒక్క మాటలో చదువు, చట్టపరమైన గుర్తింపు, పనిచేసే చోట నిరూపించుకోవలసిన సామర్థ్యం అనే మూడు వేర్వేరు విషయాలు ఇమిడి ఉన్నాయి. మొదటి రెంటినీ ధ్రువపత్రాల పరిశీలనలో చూసేస్తారు. రోగి ప్రాణం ఆధారపడేది మాత్రం ఎక్కువగా మూడోదానిపైన. భారతదేశంలో, ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో, ఈ మూడూ ప్రస్తుతం ఎలా ఉన్నాయో, వాటి మధ్య ఎక్కడ ఖాళీ మిగిలిందో సమీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పని స్వభావం

అర్హతను నిర్ణయించాలంటే ముందు పనిని తెలుసుకోవాలి. మన శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక నిర్దిష్టమైన పౌనఃపున్యంతో పరిభ్రమిస్తాయి; సరిగ్గా అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాలను పంపితే అవి శక్తిని గ్రహించి, తరంగం ఆగిన తరువాత ఆ శక్తిని సంకేతంగా తిరిగి వెలువరిస్తాయి. ఆ సంకేతాలను పట్టి కంప్యూటరు చిత్రంగా కూరుస్తుంది. ఈ పద్ధతికి 1973లో బాట వేసిన పాల్ లాటర్‌బర్, దానికి గణిత రూపమిచ్చి వేగవంతం చేసిన పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్నారు.

అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణాన్ని టెస్లా అంటారు. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే యంత్రాలు 1.5 టెస్లావి, 3 టెస్లావి. 1.5 టెస్లా అంటేనే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు. ఇంతటి బలాన్ని పుట్టించే తీగచుట్టను ద్రవ హీలియంలో సున్నాకు దిగువన 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. ఆ చలిలో తీగకు విద్యుత్ నిరోధం ఉండదు కనుక, ఒకసారి ప్రవహింపజేసిన విద్యుత్తు బయటి సరఫరా లేకపోయినా అలాగే తిరుగుతూ ఉంటుంది. ఎక్స్‌రే యంత్రానికి, దీనికి ఉన్న మౌలికమైన తేడా ఇక్కడే ఉంది. ఎక్స్‌రే గదిలో మీట వదిలితే కిరణం ఆగిపోతుంది, ఆ తరువాత గది మామూలు గదే. ఎంఆర్ఐ గదిలో కరెంటు పోయినా, కంప్యూటరు ఆపేసినా, అర్ధరాత్రి తాళం వేసి ఉన్నా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

ఆ గదిలో టెక్నాలజిస్టు చేసే పని మీట నొక్కడంతో తీరేది కాదు. ఏ శరీర భాగానికి ఏ కాయిల్, అంటే సంకేతాన్ని అందుకునే ఏ గ్రాహకం, అమర్చాలో, ఏ సీక్వెన్స్, అంటే రేడియో తరంగాల ఏ వరుసక్రమం, నడపాలో నిర్ణయించుకుంటూ పోవాలి. ఉదాహరణకు నడుము పరీక్షలో పొర మందం తగ్గిస్తే సూక్ష్మమైన వివరం దొరుకుతుంది గానీ సంకేతం బలహీనపడుతుంది. బలం పెంచాలంటే సమయం పెంచాలి. సమయం పెరిగేకొద్దీ నడుంనొప్పితో వచ్చిన మనిషి కదలకుండా పడుకోలేక కదులుతాడు, బొమ్మ చెదిరిపోతుంది. రోగనిర్ధారణ చేసి నివేదిక రాసేది రేడియాలజిస్టే అయినా, ఆయన ముందుకు వచ్చే బొమ్మ నాణ్యత ఈ తూకం పట్టిన చేతిమీద ఆధారపడుతుంది. రేడియో తరంగాలు శరీరాన్ని వేడెక్కిస్తాయి కాబట్టి సాధారణ పరిస్థితిలో మొత్తం శరీరానికి సగటున కిలోకు 2 వాట్లకు మించరాదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. ఆ లెక్కను యంత్రం టెక్నాలజిస్టు నమోదు చేసిన బరువు ఆధారంగానే వేస్తుంది. స్ట్రెచర్ మీద వచ్చిన పేషెంటు బరువును అంచనాగా కొట్టేటప్పుడు చేతికి వచ్చిన అంకె వేస్తే, ఆ తప్పును యంత్రం తనంతట తాను పట్టుకోలేదు.

చదువు మెట్లు

ఈ వృత్తిలోకి మూడు మెట్లుగా దారి ఉంది. మొదటిది ఇంటర్మీడియట్ తరువాత రెండేళ్ల డిప్లొమా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పారామెడికల్ బోర్డుల పరిధిలో మెడికల్ ఇమేజింగ్ టెక్నీషియన్ డిప్లొమా ఈ కోవలోకి వస్తుంది. వాడుకలో దీన్ని డీఎంఐటీ అంటారు. అంతకుముందు తరం సీఆర్ఏ అనే రేడియలాజికల్ అసిస్టెంట్ కోర్సు చేసి ఉద్యోగాల్లో చేరింది, ఇప్పటికీ కొన్ని ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తుంది. రెండోది ఇమేజింగ్ టెక్నాలజీలో బీఎస్సీ. తరగతి చదువు తరువాత ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఇందులో భాగం. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆరోగ్య అనుబంధ డిగ్రీలకు ఈ రెండు రాష్ట్రాల్లో ప్రధాన కేంద్రాలు. మూడోది ఎమ్మెస్సీ, పీజీ డిప్లొమా స్థాయి. బోధన, పర్యవేక్షణ పదవులు కోరేవారికి ఇది అవసరమవుతుంది.

ఈ మెట్లలో ఎంఆర్ఐకి దక్కే చోటు ఎంత అన్నది అసలు ప్రశ్న. డిప్లొమా పాఠ్యక్రమం శరీర నిర్మాణశాస్త్రంతో మొదలై, ఎక్స్‌రే భౌతికశాస్త్రం, డార్క్‌రూమ్ కాలం నుంచి డిజిటల్ దాకా వచ్చిన చిత్రణ పద్ధతులు, సీటీ, అల్ట్రాసౌండ్ దాటుకుని ఎంఆర్ఐ దగ్గరికి చేరేసరికి రెండేళ్లూ చాలవు. ప్రవేశాల్లో బైపీసీ విద్యార్థులకు ప్రాధాన్యం ఇవ్వడం శరీరశాస్త్రం దృష్ట్యా సమంజసమే. అయితే ఎంఆర్ఐని అర్థం చేసుకోవడానికి తరంగం, దశ, పౌనఃపున్యం అనే భావనలు కావాలి. ఒక టెస్లాకు హైడ్రోజన్ పౌనఃపున్యం 42.58 మెగాహెర్ట్జ్ అయితే 1.5 టెస్లాకు సుమారు 64, 3 టెస్లాకు సుమారు 128 అవుతుందన్న లెక్క విద్యార్థికి సూత్రంగా కంఠస్థం కావడం కాదు, కారణంతో సహా అర్థం కావాలి. అర్థమైనవాడికి గది గోడల్లో రాగి రేకు ఎందుకు పరిచారో తెలుస్తుంది: బయటి ప్రసార తరంగాలు లోపలికి చొరబడకుండా. స్కానింగ్ జరుగుతుండగా తలుపు సరిగ్గా మూయకపోతే బొమ్మమీద అడ్డంగా చుక్కల గీత ఎందుకు పడుతుందో కూడా అతను గుర్తుపట్టి, యంత్రం చెడిపోయిందని ఇంజనీరుకు ఫోన్ చేయడానికి ముందు తలుపు చూస్తాడు.

డిప్లొమా కన్నా డిగ్రీ మేలన్న వాదన తరచుగా వినిపిస్తుంది. అది చాలావరకు నిజమే గానీ, ఎంఆర్ఐ యంత్రమే లేని కళాశాలలో చదివిన డిగ్రీకన్నా, రోజూ యంత్రం నడిచే బోధనాసుపత్రిలో సీనియర్ పక్కన నిలబడి నేర్చుకున్న డిప్లొమా ఈ పనికి ఎక్కువ పనికిరావచ్చు. కోర్సు పేరుతోపాటు, ఆ కోర్సులో విద్యార్థి ఎన్ని గంటలు అయస్కాంతం దగ్గర గడిపాడన్నది కూడా ధ్రువపత్రంలో కనిపించవలసిన వివరం.

కొలువుల తీరు

కాంట్రాక్టు పద్ధతిలో విడిగా ఎంఆర్ఐ టెక్నీషియన్ పేరుతో పోస్టులు వచ్చే సందర్భాలున్నా, ప్రభుత్వ వైద్యశాఖల్లో శాశ్వత పోస్టు చాలావరకు రేడియోగ్రాఫర్ పేరుతోనే ఉంటుంది. ఆ పేరు ఎక్స్‌రే గదిలో పుట్టింది. ఒకసారి ఉద్యోగంలో చేరిన రేడియోగ్రాఫర్‌ను అవసరాన్ని బట్టి ఎక్స్‌రేకు, సీటీకి, ఎంఆర్ఐకి మార్చుతూ ఉండటం ఆసుపత్రుల్లో పరిపాటి.

ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా స్థాయి కాంట్రాక్టు నియామకాల్లో అనుసరిస్తున్న మార్కుల విధానం ఎంఆర్ఐ అనుభవాన్ని విడిగా లెక్కించకపోవడాన్ని స్పష్టంగా చూపుతుంది. మొత్తం 100లో 75 మార్కులు అర్హత పరీక్షలో వచ్చిన శాతానికి, 10 మార్కులు ఉత్తీర్ణులైన నాటి నుంచి గడిచిన ఏళ్లకు ఏడాదికి ఒకటి చొప్పున, 15 మార్కులు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు కేటాయిస్తారు. గిరిజన ప్రాంతంలో చేసిన సేవకు ఆరు నెలలకు 2.5, గ్రామీణ ప్రాంతంలో 2, పట్టణంలో 1 మార్కు లెక్కిస్తారు. మారుమూల పనిచేసినవారిని గౌరవించే ఈ పద్ధతి సామాజికంగా న్యాయమైనది. అయితే ఏడాదికో మార్కు అన్న నిబంధన, ఆ ఏడాది అభ్యర్థి ఎంఆర్ఐ దగ్గర గడిపాడా, ఎక్స్‌రే దగ్గర గడిపాడా, అసలు ఆసుపత్రి గడపే తొక్కలేదా అన్నది చూడదు. తెలంగాణలో వైద్య ఆరోగ్య సేవల నియామక మండలి ద్వారా రాతపరీక్ష మార్గం బలపడింది. 2024లో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు రాతపరీక్షకు 80 పాయింట్లు, ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 పాయింట్లు కేటాయించారు. రాతపరీక్ష జ్ఞానాన్ని కొలుస్తుంది గానీ, నియామకానికి ముందు యంత్రం దగ్గర నిలబెట్టి చూసే నైపుణ్య పరీక్షకు ఈ విధానాల్లోనూ చోటు లేదు.

కేంద్ర ప్రభుత్వ పరిధిలో రైల్వే ఆసుపత్రులు, ఈఎస్ఐ ఆసుపత్రులు, మంగళగిరి, బీబీనగర్‌లలోని ఎయిమ్స్ సంస్థలు తెలుగు అభ్యర్థులకు దగ్గరి అవకాశాలు. రైల్వే నియామక మండళ్లు రేడియోగ్రాఫర్ పోస్టుకు భౌతిక, రసాయనశాస్త్రాలతో ఇంటర్మీడియట్, ఆపైన రెండేళ్ల రేడియోగ్రఫీ డిప్లొమా అడుగుతాయి. సైన్సు డిగ్రీతోపాటు డిప్లొమా ఉన్నవారికి ప్రాధాన్యం ఉంటుంది. జీతం ఏడో వేతన సంఘం ఐదో లెవెల్‌లో 29,200 రూపాయల మూలవేతనంతో మొదలవుతుంది.

స్థానికత నిబంధన కూడా అర్హతలో భాగమే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానిక అభ్యర్థులకు కోటా కల్పిస్తాయి. తెలంగాణకు 2018లో వచ్చిన ఉత్తర్వులో ఇది 95 శాతం. కాబట్టి ఒకటో తరగతి నుంచి ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లను అభ్యర్థులు డిప్లొమా పత్రమంత భద్రంగా దాచుకోవాలి.

ఇవికాక, కొన్ని ప్రభుత్వాసుపత్రుల్లో ఎంఆర్ఐ కేంద్రాన్ని ఒప్పందంపై ప్రైవేటు సంస్థ నడుపుతుంది. అక్కడ రోగి ప్రభుత్వ రోగే, భవనం ప్రభుత్వ భవనమే, టెక్నాలజిస్టు మాత్రం సంస్థ ఉద్యోగి. ప్రకటనలో రాసే అర్హతలు అతనికి నేరుగా వర్తించవు కనుక, ఒప్పంద పత్రంలోనే సిబ్బంది అర్హతను రాసి, ఆసుపత్రి అధికారులు దాన్ని ఏటా తనిఖీ చేయడం తప్పనిసరి కావాలి.

చట్టం చూపు

ఎక్స్‌రే, సీటీ యంత్రాలపై అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ ఉంది. 1983లో ఏర్పడిన ఈ సంస్థ 2004 నాటి అణుశక్తి వికిరణ రక్షణ నియమాల కింద యంత్రానికి లైసెన్సును, దాన్ని నడిపేవారి కనీస అర్హతను, ఒంటిపై ధరించే వికిరణ మాపక బిళ్లను తప్పనిసరి చేసింది. ఎంఆర్ఐలో అయనీకరణ వికిరణం, అంటే కణాలను దెబ్బతీయగల కిరణం, లేదు కనుక ఈ మండలి పరిధిలోకి అది రాదు. ఫలితంగా, తక్కువ మోతాదు కిరణాన్ని వాడే చిన్న ఎక్స్‌రే యంత్రానికి ఉన్నపాటి నియంత్రణ వ్యవస్థ, ఇనుప సిలిండర్‌ను గాలిలో లాక్కోగల యంత్రానికి చాలాకాలం లేకపోయింది.

ఈ లోటు తీర్చే దిశగా రెండు అడుగులు పడ్డాయి. 2019లో కేంద్రం ఇచ్చిన ప్రకటన ద్వారా ఎంఆర్ఐ, సీటీ వంటి పరికరాలు ఔషధాల చట్టంలోని ఔషధం అనే నిర్వచనంలోకి చేరి, యంత్రం నియంత్రణలోకి వచ్చింది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్యరక్షణ వృత్తుల కమిషన్ చట్టం యంత్రం నడిపే మనిషి వైపు చూసింది. ఈ చట్టం వృత్తులను పది వర్గాలుగా విభజించింది. వైద్య రేడియాలజీ, ఇమేజింగ్, చికిత్సా సాంకేతిక వృత్తులు అందులో ఒక వర్గం. అనుబంధ ఆరోగ్య వృత్తినిపుణుడికి రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల శిక్షణ, ఆరోగ్యరక్షణ వృత్తినిపుణుడికి మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల శిక్షణ ఉండాలని నిర్వచించి, రాష్ట్ర కౌన్సిళ్లను, కేంద్ర, రాష్ట్ర రిజిస్టర్లను ఏర్పరచమంది. ఏళ్లను కాక గంటలను లెక్కించడం ఈ చట్టం తెచ్చిన విలువైన మార్పు. రాష్ట్రాలు ఆ గంటల్లో ఎంఆర్ఐ వాటా ఎంతో విడిగా రాస్తే, రేడియోగ్రాఫర్ అనే పాత పేరు కింద దాగిన ఖాళీ చాలావరకు పూడుతుంది.

తలుపు దగ్గరి సామర్థ్యం

2018 జనవరిలో ముంబైలోని ఒక మునిసిపల్ ఆసుపత్రిలో, బంధువును పరీక్షకు తీసుకొచ్చిన 32 ఏళ్ల యువకుడు ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్ఐ గదిలోకి అడుగుపెట్టగా అయస్కాంతం అతన్ని సిలిండర్‌తో సహా లాగివేసింది. అతను ప్రాణాలు కోల్పోయాడు. 2001లో అమెరికాలో ఇలాగే ఒక బాలుడి ప్రాణం పోయిన తరువాత, అక్కడి రేడియాలజీ కళాశాల ఎంఆర్ఐ ప్రాంగణాన్ని నాలుగు మండలాలుగా విభజించే పద్ధతిని సూచించింది: ఎవరైనా తిరగగల బయటి ప్రదేశం, రోగిని ప్రశ్నించే చోటు, శిక్షణ పొందిన సిబ్బంది వెంట ఉంటేనే ప్రవేశించగల చోటు, చివరిగా అయస్కాంతం ఉన్న గది. అనుకోనిది జరిగి అయస్కాంతాన్ని ఆపవలసి వస్తే క్వెంచ్ అనే మీట నొక్కాలి. అప్పుడు ద్రవ హీలియం ఒక్కసారిగా మరిగి, లీటరుకు 700 లీటర్లకు పైగా వాయువై గొట్టం గుండా బయటికి పోతుంది. గొట్టం సరిగ్గా లేకపోతే అదే వాయువు గదిలోని ఆక్సిజన్‌ను తోసేస్తుంది. ఆ మీటను ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో తెలియనివారిని ఆ గదికి బాధ్యులను చేయరాదు.

అయినా ప్రమాదాలను ఆపేది ఆ మీట కన్నా రెండో మండలంలో జరిగే సంభాషణే. ఆ సంభాషణ రోగి భాషలో, రోగి జీవితం తెలిసిన మాటలతో జరగాలి. "ఒంట్లో ఇంప్లాంట్ ఉందా?" అని అడిగితే లేదని తలూపే పెద్దాయనే "కాలికి గానీ తలకి గానీ ఆపరేషన్ చేసి రాడ్డు, క్లిప్పు ఏమైనా వేశారా పెద్దాయనా?" అని అడిగితే పాత సంగతి చెబుతాడు. "లోహపు వస్తువులు తీసేయండి" అంటే గాజులు తీసి ఇచ్చే స్త్రీకి, తాళికి తగిలించుకున్న పిన్నీసుల గుత్తి లోహమన్న ఆలోచనే రాదు, "అమ్మా, పిన్నీసులు ఎక్కడైనా పెట్టుకున్నారా?" అని పేరు పెట్టి అడగాలి. మొలతాడుకు కట్టిన తాయెత్తు, జడలోని స్లైడు, రవికె హుక్కులు, ఏ లోహం కలిసిందో పైకి తెలియని గిల్టు నగలు ఈ జాబితాలోకే వస్తాయి. తాళి తీయడానికి మనసొప్పని ఇల్లాలికి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి కాసేపు మెడలో వేసుకొమ్మని సూచించగల టెక్నాలజిస్టు ఆమె నమ్మకాన్నీ, ఆమె భద్రతనూ ఒకేసారి కాపాడతాడు. వెల్డింగు, లేత్ పనులు చేసినవారి కంటిలో ఇనుప రజను ఉండిపోయే అవకాశం ఉంటుంది కనుక వృత్తి ఏమిటని అడగడం కూడా పరీక్షలో భాగమే.

ఇంప్లాంట్లను సురక్షితం, షరతులతో సురక్షితం, అసురక్షితం అని మూడుగా వర్గీకరిస్తారు. రెండో వర్గంలోని పరికరానికి ఎన్ని టెస్లాల దాకా, ఎంత తాపం దాకా అనుమతో తయారీదారు పత్రంలో ఉంటుంది. దాన్ని తెప్పించుకుని చదివి, రేడియాలజిస్టుతో మాట్లాడాకే ముందుకు సాగాలి. గడోలినియం అనే కాంట్రాస్ట్ మందు విషయంలోనూ ఇంతే. మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారిలో కొన్ని రకాల గడోలినియం మందులు చర్మాన్ని, కణజాలాన్ని గట్టిపరిచే ఒక జబ్బుకు దారితీస్తాయని 2006లో గుర్తించారు. మూత్రపిండాల వ్యాధి ఊళ్లకు ఊళ్లను పీడిస్తున్న ఉద్దానం నుంచి రోగులు వచ్చే శ్రీకాకుళం, విశాఖపట్నం ఆసుపత్రుల్లో క్రియాటినిన్ నివేదిక చూడకుండా సూది సిద్ధం చేయకపోవడం టెక్నాలజిస్టు అర్హతలో లిఖితపూర్వకంగా ఉండవలసిన అంశం.

బయటి అనుభవం

ఇతర దేశాలు ఈ ఖాళీని ఎలా పూడ్చాయో చూడటం ఉపయోగకరం. అమెరికాలో ఏఆర్ఆర్‌టీ అనే ధ్రువీకరణ సంస్థ రేడియోగ్రఫీకి, ఎంఆర్ఐకి వేర్వేరు ధ్రువీకరణలు ఇస్తుంది. ధ్రువీకరణ నిలుపుకోవడానికి రెండేళ్లకు 24 క్రెడిట్ల నిరంతర విద్య పూర్తి చేయాలి. అక్కడి మాజీ సైనికుల ప్రభుత్వాసుపత్రులు కూడా ఈ ధ్రువీకరణనే ప్రాతిపదికగా తీసుకుంటాయి. బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్ అన్న పేరే చట్టరక్షణ గలది. ఆరోగ్య వృత్తుల మండలి రిజిస్టరులో పేరు లేనివారు ఆ పేరు వాడుకోవడం నేరం, నమోదును రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. విదేశాలకు వెళ్లాలనుకునే తెలుగు టెక్నాలజిస్టులు, తమ శిక్షణ గంటలను, చేసిన పరీక్షల వివరాలను ధ్రువపత్రాల్లో చూపలేక ఇక్కట్లు పడటానికి కారణం వారి అసమర్థత కాదు, మన ధ్రువపత్రాల్లో ఆ గడులే లేకపోవడం.

ముగింపు

పై సమీక్షను బట్టి ప్రభుత్వ వైద్యరంగంలో ఎంఆర్ఐ టెక్నాలజిస్టు కాగోరేవారికి ఇంటర్మీడియట్, గుర్తింపు పొందిన డిప్లొమా లేదా డిగ్రీ, బోర్డు నమోదు, స్థానికత పత్రాలు ద్వారం దాటించే అర్హతలని చెప్పవచ్చు. ద్వారం దాటాక కావలసిన అర్హతను ప్రభుత్వాలు ఇంకా రాయవలసి ఉంది. ఎంఆర్ఐ విధులు అప్పగించే ముందు యంత్రం దగ్గర నిర్ణీత గంటల పర్యవేక్షిత శిక్షణ, అయస్కాంత భద్రతపై ప్రత్యేక పరీక్ష, రెండేళ్లకోసారి దాని పునరుద్ధరణ, ఒప్పంద సంస్థల సిబ్బందికీ ఇవే నిబంధనలు అనే నాలుగు ఏర్పాట్లకు కొత్త యంత్రాలు కొననక్కరలేదు, కొత్త భవనాలు కట్టనక్కరలేదు. చట్టం ఇచ్చిన అధికారాన్ని రాష్ట్ర కౌన్సిళ్లు వాడుకుంటే చాలు. వార్డుబాయ్ నుంచి పెద్ద డాక్టరు దాకా ఎవరినైనా ఆ తలుపు దగ్గర ఆపి, జేబులు చూపించమని అడిగే అధికారం టెక్నాలజిస్టుకు ఉండాలి. ఆ అధికారాన్ని నిలబెట్టేది అతని సామర్థ్యానికి ప్రభుత్వం ఇచ్చే లిఖితపూర్వకమైన గుర్తింపు. పేదవాడు అప్పుచేసి ప్రైవేటుకు పోకుండా ప్రభుత్వాసుపత్రి ఎంఆర్ఐ బల్లమీద నిశ్చింతగా పడుకోగలగాలంటే, అతన్ని ఆ బల్లదాకా నడిపించే మనిషి అర్హతను ఎక్స్‌రే కాలపు కొలబద్దతో కొలవడం ఇకనైనా మానుకోవాలి.